మనం కాల్చని సిగరెట్టు

"సిగరెట్టు కాల్చేది మావారు, నాకేమిటి?" అనుకునే సోదరీమణులు మనలో ఎందరో ఉన్నారు. జపాన్‌లో హిరయామా అనే శాస్త్రజ్ఞుడు పొగ అలవాటు లేని 91 వేలకు పైగా ఇల్లాళ్ళ ఆరోగ్యాన్ని పద్నాలుగేళ్ళు గమనించి, 1981లో ఫలితాలు ప్రకటించాడు. భర్త ఎన్ని ఎక్కువ సిగరెట్లు కాలిస్తే, భార్యకు ఊపిరితిత్తుల కాన్సరు ముప్పు అంత పెరిగిందని తేలింది.

ఆయన పీల్చి వదిలే పొగ ఒకటి. వేళ్ళ మధ్య సిగరెట్టు ఊరికే కాలుతుంటే కొసనుంచి లేచే పొగ మరొకటి. రెండూ గదిలో కలుస్తాయి. కిటికీ తీసినా, ఫాను వేసినా పూర్తిగా పోవు. పసివాళ్ళకు ఉబ్బసం, న్యుమోనియా, చెవిపోటు రావడానికి ఇదీ ఒక కారణమే.

ఆఫీసుల్లో, బస్సుల్లో, సినిమాహాళ్ళలో పొగ తాగకుండా 2008 అక్టోబరు 2 నుంచి కట్టుదిట్టమైన నిబంధనలు వచ్చాయి. అవి మన గుమ్మం దాటి లోపలికి రావు. ఇంట్లో ఆ మాట అనడానికి మనకేమో నోరు రాదు! పోట్లాట అక్కర్లేదమ్మా. పాల లెక్కలాగే సిగరెట్ల ఖర్చు నెల్లాళ్ళు కాలెండరు మీద వేసి చూపించండి. "మానేదాకా ఇంట్లో మాత్రం వద్దండీ, పిల్లలున్నారు" అని నెమ్మదిగా చెప్పండి. ఒకసారికి వినకపోతే మళ్ళీ చెప్పండి. మనం కాల్చని సిగరెట్టుకు మన ఊపిరి ఎందుకివ్వాలి?