చుక్కే కదా అనుకున్నా... అరకు ఘాట్‌లో ఆగిపోయా!

శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలవగానే అమ్మ కిటికీ అద్దం దించేసింది. చల్లగాలి, పక్కన లోయ, వెనక సీట్లో నాన్న కూనిరాగం. స్టీరింగ్ నా చేతిలో ఉంది కానీ కారు నాది కాదు, మా బావది. తైడ దాటి నాలుగు మలుపులు తిరిగామో లేదో, టెంపరేచర్ సూది మధ్యలోంచి లేచి ఎర్ర గీత వైపు నడవడం మొదలెట్టింది.

నిజం చెప్పాలంటే ఇది చెప్పకుండా వచ్చిన కష్టం కాదు. పది రోజుల ముందే కారు కింద నేల మీద పచ్చటి మరక కనబడింది. చుక్కే కదా అని కూలెంట్ డబ్బాలో కుళాయి నీళ్లు పోసి ఊరుకున్నా. బావకి చెబితే ట్రిప్పుకి కారు ఇవ్వడేమోనని భయం.

బానెట్ సందుల్లోంచి ఆవిరి రాగానే కారు పక్కకి తీసి ఆపేశా. రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పబోతుంటే, వెనక ఆగిన జీపులోంచి కేక వినబడింది.

"బాబూ, ముట్టుకోకు! మొహం కాలిపోద్ది!"

ఎస్.కోట నుంచి అరకుకి రోజూ జీపు తోలే పెద్దాయన. ఆ కేకే నన్ను కాపాడింది.

మూత ఎందుకు తీయకూడదు?

కారు కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ కుక్కర్ లాంటిది. లోపల ఒత్తిడి ఉండబట్టే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తీశామా, ఒత్తిడి పోయి వేడి నీళ్లు, ఆవిరి మొహం మీదకి ఎగజిమ్ముతాయి. పైగా అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ పొయ్యి మీద నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అందుకే కొండెక్కే కారుకి ఆ మూత, దాని రబ్బరు బాగుండాలి.

బాటిల్ నీళ్లు పోసేద్దామంటే దానికీ పెద్దాయన ఒప్పుకోలేదు. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ బీట వారొచ్చట. ముప్పావుగంట ఆగాక, ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూపించాడు. వాటర్ పంపు కింద తెల్లగా, పచ్చగా ఎండిపోయిన చార. పుల్లీని పట్టుకుని ఊపితే కదులుతోంది.

"పంపు పోయింది బాబూ. నీళ్లు పోస్తే కొండ ఎక్కుతావేమో. తిరిగి దిగుతావో లేదో మాత్రం చెప్పలేను."

నాన్నకేమో ఇంత దూరం వచ్చి వెనక్కి వెళ్లడం ఇష్టం లేదు. చివరికి అమ్మానాన్నలని ఆయన జీపులోనే అరకు పంపించేశా. ఎంత ఇస్తానన్నా రెండు సీట్ల చార్జీ తప్ప ఆయన పైసా తీసుకోలేదు. నేను మాత్రం బావకి ఫోన్ చేసి, కారుని తాడు కట్టిన బండి వెనకే కిందకి దింపించా.

పంపు కథ ఇదీ

ఎస్.కోట షెడ్డులో మెకానిక్ పాత పంపు విప్పి నా చేతిలో పెట్టాడు. తిప్పితే గరగరమంది. లోపల చిన్న ఫ్యాన్ లాంటి ఇంపెల్లర్ ఉంటుంది. అది తిరుగుతూ కూలెంట్‌ని ఇంజిన్‌లోకి, అక్కణ్నుంచి రేడియేటర్‌కి తోస్తుంది. ఇరుసు దగ్గరి సీలు అరిగితే, అడుగునున్న చిన్న రంధ్రం లోంచి కూలెంట్ బయటికి కారుతుంది. దాన్నే వీప్ హోల్ అంటారు. పంపు మనకి పంపే మొదటి నోటీసు అదే. రెండోది బేరింగ్ నుంచి వచ్చే కూత. ఉత్త నీళ్లే పోస్తూ పోతే ఇంపెల్లర్ తుప్పు పడుతుంది, సీలు త్వరగా పాడవుతుంది.

విశాఖ నుంచి కొత్త పంపు మర్నాడు వచ్చింది. పని మొత్తం దగ్గరుండి చూశా. చల్లారిన ఇంజిన్ లోంచి కూలెంట్ తొట్టిలోకి దింపారు. బెల్టు, పుల్లీ తీసి బోల్టులు విప్పారు. పాత గాస్కెట్ ముక్కలు గీత పడకుండా గీకి శుభ్రం చేశారు. కొత్త గాస్కెట్‌తో పంపు బిగించారు. బోల్టులు ఒకే వైపు కాకుండా ఎదురెదురుగా, కంపెనీ చెప్పిన బిగువుకి బిగించాలి. తర్వాత కూలెంట్ పోసి, హీటర్ ఆన్‌లో పెట్టి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపారు. గాలి లోపల మిగిలితే కొత్త పంపున్నా కారు వేడెక్కుతుంది.

కొన్ని కార్లలో ఈ పంపుని టైమింగ్ బెల్టే తిప్పుతుంది. అలాంటప్పుడు బెల్టు మార్చే రోజే పంపూ మార్చేయండి. రెండోసారి విప్పే కూలి మిగులుతుంది.

ఘాట్ ఎక్కే ముందు...

• ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి. రాత్రి కారు నిలిపిన చోట మరక ఉందేమో కూడా చూడండి.

• మాన్యువల్ చెప్పిన కూలెంట్‌నే, చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి వాడండి.

• చాలా కార్లలో పంపు ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది. పై గేర్‌లో ఈడ్చుకుంటూ ఎక్కిస్తే వేడి ఎక్కువ, పంపు వేగం తక్కువ. కింది గేర్ వేయండి.

• సూది లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, వీలైన మొదటి చోటే ఆగండి. ఇంకో మలుపే కదా అని లాగితే హెడ్ గాస్కెట్ పోతుంది. ఆ బిల్లు ముందు పంపు ఖర్చు ఏ మూలకి!

• పాత కూలెంట్‌ని గెడ్డలో పారబోయొద్దు. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలు, పశువులు నాకి చచ్చిపోతాయి. కొండ మీది ఊళ్లు తాగేది ఆ గెడ్డల నీళ్లే.

ఆ సాయంత్రం అమ్మానాన్నల కోసం మళ్లీ ఘాట్ ఎక్కా. సూది మధ్యలోంచి కదల్లేదు. దారిలో బావ ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నా, తిట్టలేదు. "చుక్క చూసిన రోజే చెప్పుంటే కారు ఇవ్వకపోయేవాణ్ని కాదురా, పంపు మార్చి ఇచ్చేవాణ్ని" అన్నాడు. తిట్టినా బాగుండేది.