మిద్దె మీది పిల్లలకోడి

అనంతపురం వాళ్లం తలెత్తి ఆకాశం చూసేది మబ్బు కోసమే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యం మబ్బులు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి వట్టిపోతాయి. ఆకాశం తేటగా ఉందని మా దగ్గర ఎవరూ మెచ్చుకోరు, జూన్ దాటినా అలాగే ఉంటే గుండె గుభేలుమంటుంది. ఆ తేట ఆకాశాన్నే 2020 వేసవిలో రోజూ రాత్రి కళ్లారా చూశాను. లాక్‌డౌన్‌లో నాకు అబ్బిన విద్య అదొక్కటే.

మార్చి 25 నుంచి దేశమంతా మూతపడింది. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దున నడక పోయింది. నేను సైన్సు చెప్పే బడికి తాళం పడింది. పల్లెల్లో కోసిన కర్బూజాకు, చీనీకాయలకు బేరమాడే మనిషి లేడు. బెంగళూరుకు కూలికి పోయినవాళ్లు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని రోడ్డు వెంబడి నడిచొచ్చారు. మే మొదట్లో ముంబై నుంచి మనవాళ్లను ఎక్కించుకున్న రైలు గుంతకల్లు చేరింది. అలాంటి రోజుల్లో చాప పరుచుకుని చుక్కలు చూడటమంటే, నెల తిరిగేసరికి జీతం అందే ఇళ్లవాళ్లకే కుదిరిన పని. ఆ మాట మరిచి ఈ కథ చెప్పలేను.

బయట తిరగడానికి మాకు మిగిలింది మిద్దె. పొద్దు గూకగానే నాలుగు బిందెల నీళ్లు పోసేవాళ్లం. పగలంతా కాగిన మిద్దె ఆ నీళ్లను సుయ్‌మని తాగేది, కాసేపు ఆవిరి కాళ్లకు తగిలేది. అది చల్లారాక చాపలు వేసుకునేవాళ్లం. మా అత్తది బెళుగుప్ప దగ్గర పల్లె. శెనక్కాయ సేద్యంలోనే తల నెరిసింది. మార్చి చివర ఒక రాత్రి పడమటికి చెయ్యి చాపి, "అదిగో పిల్లలకోడి. దాని కింద ఆ పెద్ద చుక్క సూడు, దినదినం దగ్గరికి జరుగుతాంది" అంది.

పిల్లలకోడి అంటే కృత్తికలు. పంచాంగంలో చదువుకున్న పేరే గాని, ఆ గుంపును వేలు పెట్టి చూపించిన మనిషి నాకు అంతకుముందు లేరు. ఆ పెద్ద చుక్క శుక్రుడు. ఏప్రిల్ 3న సరిగ్గా ఆ గుంపు మధ్యకే వచ్చాడు. భూమి సూర్యుడి చుట్టూ ఎనిమిదిసార్లు తిరిగేలోపు శుక్రుడు దాదాపు పదమూడుసార్లు తిరుగుతాడు. అందుకే ఎనిమిదేళ్లకోసారి వేసవిలో ఈ కలయిక దాదాపు అదే తేదీకి వస్తుంది. 2012లోనూ వచ్చింది, అప్పుడు చూసే తీరిక ఎవరికుంది? ఏప్రిల్ 5న రాత్రి తొమ్మిదికి దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలార్పినప్పుడు మా వీధి మొత్తం మిద్దెలెక్కింది. పున్నమి దగ్గర పడ్డ వెన్నెల కాబట్టి చిన్న చుక్కలు కనబడలేదు. శుక్రుడు మాత్రం పడమటి మిద్దెల మీదుగా దిగుతూ మెరిశాడు. పక్కింటి పిల్లలు అది విమానమని పందెం కాశారు.

మే నెలలో ఇంకో వింత. ఇంట్లో ఉన్న చిన్న బైనాక్యులర్‌ను పిట్టగోడ మీద ఆనించి, పూర్తిగా చీకటి పడకముందే శుక్రుణ్ణి చూశాను. చీకటి పడ్డాక ఆ వెలుగు కళ్లు మిరుమిట్లు గొలిపి ఆకారం తెలియదు. కనబడింది చుక్క కాదు, తదియ నాటి చంద్రవంక! అత్త చాలాసేపు కళ్లకు ఆనించుకుని చూసి, "సుక్కకు గూడా అమాసా పున్నమీ ఉంటాయా?" అని అడిగింది. ఉంటాయి. మనకంటే లోపలి దారిలో సూర్యుణ్ణి చుట్టే గ్రహం కాబట్టి, మనకూ సూర్యుడికీ నడుమకు వచ్చేకొద్దీ వెలుగు పడే వైపు మనకు మరుగవుతుంది. వంక సన్నబడుతుంది, దగ్గరకొస్తుంది గనక పెద్దదవుతుంది. 1610లో గెలీలియో దూరదర్శినిలో ఈ వంకలే చూశాడు. శుక్రుడు తిరిగేది సూర్యుడి చుట్టూనని వాటితోనే తేలింది. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ అది. అత్త ఆ ప్రశ్న ఒక్క చూపుతో అడిగింది.

నాకు బదులు అత్త పాఠం చెప్పింది మాత్రం కార్తెల దగ్గర. ఏప్రిల్ గడిచేకొద్దీ పిల్లలకోడి రోజూ కాస్త కాస్త కిందికి జారి, మే వచ్చేసరికి సందెవెలుగులో మునిగిపోయింది. "కోడి మునిగె. ఇంక ఇత్తనాలు సూసుకోవాల" అంది అత్త. లెక్క సరిగ్గా అదే. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే ఆ పదమూడు పద్నాలుగు రోజులు ఆ కార్తె. మే 11 ప్రాంతంలో కృత్తిక, 25 ప్రాంతంలో రోహిణి, జూన్‌లో మృగశిర, ఆరుద్ర. సూర్యుడి వెనకున్న చుక్క కనబడదు కదా! అంటే ఏ కార్తె నడుస్తుంటే ఆ చుక్క ఆకాశంలో కనిపించదు. మా రైతు శెనక్కాయ విత్తడానికి పదును వాన కోసం కాచుక్కూచునే మృగశిర, ఆరుద్రలకు, సందెవేళ కనుమరుగైన పిల్లలకోడి తెల్లవారుజామున తూర్పున మళ్లీ పొడుస్తుంది. ఆ ఏడు జూన్ 3న సూర్యుణ్ణి దాటిన శుక్రుడు కూడా నెలాఖరుకు వేగుచుక్కయి దాని కిందికే చేరాడు. క్యాలెండర్ అచ్చుకాని రోజుల్లో మా సీమ సేద్యం నడిచింది ఈ లెక్క మీదే. బడిపుస్తకంలో దీనికి ఒక్క పేజీ అయినా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

శుక్రుడు మళ్లీ ఇలా పిల్లలకోడి గుంపులోకే వచ్చేది 2028 ఏప్రిల్ మొదటి వారంలో. పడమటి దిక్కున చెట్లూ నీళ్లట్యాంకులూ అడ్డం లేని మిద్దె ఒకటి చూసుకోండి. పొద్దుగూకిన గంటకు ఎక్కితే చాలు, తొమ్మిదిన్నర దాకా సమయం ఉంటుంది. ఒక్క రాత్రి చూస్తే కదలిక తెలియదు. నాలుగైదు రాత్రులు వరసగా చూడండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను కూడా పైకి పిలవండి.