పరుగులోనూ పరమాత్మ పాఠం

ఐతరేయ బ్రాహ్మణంలో శునఃశేపోపాఖ్యానం ఉన్నది. హరిశ్చంద్ర మహారాజు కుమారుడైన రోహితుడు అరణ్యంలో తిరుగుతూ, తండ్రి వ్యాధిగ్రస్తుడైనాడని విని గ్రామానికి బయలుదేరుతాడు. అట్లా మరలివచ్చిన ప్రతిసారీ ఇంద్రుడు బ్రాహ్మణ రూపంలో ఎదురై, నిలిచిపోవద్దనీ, సంచరిస్తూనే ఉండమనీ బోధిస్తాడు. చలనమే జీవమని వేదం వేల ఏళ్ల క్రితమే చెప్పిన తీరు అది.

తెల్లవారుజామున మా బంగారుపాళ్యం మామిడి తోటల నడుమ బాటల్లో పరుగు తీసే యువకులను చూచినప్పుడు నాకు ఆ కథ స్ఫురిస్తుంది. హైదరాబాదులో, విశాఖపట్నంలో ఏటా జరిగే మారథాన్ పరుగులకు వేలాదిమంది తరలివెళుతున్నారు. అనిత్యమైన ఈ దేహానికి ఇంత శ్రమ ఎందుకని పెద్దలు కొందరు అడుగుతున్నారు. ఈ సాధన భక్తికి ఉపకరిస్తుందా అని యువకులు అడుగుతున్నారు. ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కచోటనే ఉన్నది.

ఇద్దరు దూతలు

మారథాన్ అన్నది గ్రీసు దేశంలోని ఒక మైదానం పేరు. క్రీస్తుపూర్వం 490లో అక్కడ జరిగిన యుద్ధంలో ఏథెన్సు గెలిచింది. ఆ విజయవార్తను మోసుకొని ఒక దూత నగరం దాకా పరుగెత్తి, వార్త చెప్పిన మరుక్షణం ప్రాణం విడిచాడని అక్కడివారి ఐతిహ్యం. దాని స్మృతిగానే 1896లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడల్లో ఈ పరుగును ప్రవేశపెట్టారు. 1908 లండన్ క్రీడల్లో పరుగెత్తిన 42.195 కిలోమీటర్ల దూరమే 1921లో ప్రమాణంగా స్థిరపడింది.

మన ఇతిహాసంలోనూ ఒక దూత ఉన్నాడు. సముద్రాన్ని లంఘించి, కార్యం నెరవేర్చి, సీతమ్మ క్షేమవార్తతో సురక్షితంగా తిరిగివచ్చి స్వామి పాదాలకు నమస్కరించినవాడు. హనుమంతుని బలం ఎంతటిదో ఆయనకే తెలియదు. జాంబవంతుడు గుర్తుచేయవలసి వచ్చింది. పరుగు నేర్చుకొనేవానికి గురువు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. దారిలో మైనాకుడు పైకి లేచి విశ్రమించమని ప్రార్థిస్తే, ఆంజనేయుడు చేతితో స్పృశించి, ఆదరాన్ని గౌరవించి, ముందుకు సాగాడు. సుఖాన్ని తిరస్కరించలేదు, దానికి లొంగనూ లేదు. ప్రాణం పోగొట్టుకొనే పరుగు కంటే పని ముగించి తిరిగివచ్చే పరుగే మనకు ఆదర్శం.

సంత, వల్లె, అనధ్యాయం

వేదపాఠశాలలో పిల్లవాడు మొదటి రోజే ఘనపాఠం చెప్పడు. గురువు ఒకమారు చెబితే శిష్యుడు రెండుమార్లు చెబుతాడు. అది సంత. నేర్చినదాన్ని మళ్లీ మళ్లీ వల్లె వేస్తాడు. సంహిత నుండి పదానికి, పదం నుండి క్రమానికి, ఆపైన జటకు, ఘనకు ఏళ్ల తరబడి సాగుతాడు. మారథాన్ సాధన కూడా అచ్చంగా ఇంతే. నెలల తరబడి వారానికి కొంత చొప్పున దూరం పెంచాలి. ఎక్కువ రోజులు ఆయాసం లేకుండా, పక్కవానితో మాట్లాడగలిగే వేగంతోనే పరుగెత్తాలి. వారానికి ఒక్కనాడు మాత్రమే సుదీర్ఘమైన పరుగు ఉంటుంది. తొందరపడినవాని మోకాలు ముందు నొస్తుంది, మనస్సు తరువాత విరుగుతుంది.

వేదాధ్యయనంలో అనధ్యాయం అని ఒక నియమం ఉన్నది. పాడ్యమి, అష్టమి, చతుర్దశి వంటి తిథుల్లో కొత్త పాఠం చెప్పరు. సోమరితనం కోసం ఏర్పరచిన సెలవు కాదది, అధ్యయనంలో ఒక అంగం. శ్రమించిన కండరం తిరిగి బలపడేది విశ్రాంతిలోనే అని నేటి శరీరశాస్త్రమూ చెబుతున్నది. అందుకే పరుగుపందేనికి ముందు రెండు మూడు వారాలు సాధనను క్రమంగా తగ్గిస్తారు. మనస్సు చంచలమైనదని అర్జునుడు మొరపెట్టుకొన్నప్పుడు, గీతాచార్యుడు అభ్యాసం, వైరాగ్యం అనే రెండు సాధనాలను చూపాడు. నిత్యం బయలుదేరడం అభ్యాసం. ఇతరుల వేగాన్ని చూచి అసూయపడకపోవడం వైరాగ్యం.

మోకాళ్ల పర్వతం

మారథాన్‌లో సుమారు 30 కిలోమీటర్లు దాటిన తరువాత చాలామందికి ఒక్కసారిగా కాళ్లు బరువెక్కుతాయి. దేహంలో నిలువ ఉన్న పిండిపదార్థపు శక్తి అడుగంటడం దానికి ముఖ్య కారణం. అలిపిరి మెట్లదారిలో మోకాళ్ల పర్వతం దగ్గర భక్తులకు కలిగే అనుభవం కూడా అటువంటిదే. బాలుడైన అన్నమయ్య తొలిసారి కొండ ఎక్కుతూ అక్కడే ఆకలితో సొమ్మసిల్లి, పాదరక్షలతోనే నిద్రించాడని సంప్రదాయం చెబుతుంది. అలమేలుమంగమ్మ వృద్ధముత్తైదువ రూపంలో వచ్చి, పాదరక్షలు విడువమని చెప్పి, ప్రసాదం తినిపించిందట. అమ్మ ఆ బిడ్డను ఆకలితోనే ఎక్కమనలేదని మీరు గమనించాలి. భక్తుని దేహం అమ్మవారికి భారం కాదు, బిడ్డ.

మొక్కు ఎవరి కోసం?

ఇక్కడే ఒక గంభీరమైన విషయం చెప్పవలసి ఉన్నది. కోలారు, బెంగుళూరు వైపు నుండి పసుపు వస్త్రాలు ధరించి, గోవిందనామంతో మా ఊరి మీదుగా తిరుమలకు నడిచే భక్తులు ఎందరో. మా ఊరి నుండే చూచినా కొండ పాదానికి రెండు మారథాన్లకు పైబడిన దూరం. ఆపైన అలిపిరి దారిలో 3,550 మెట్లు, లేదా శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కాలి. ఏ అభ్యాసమూ లేకుండా ఒక్కసారిగా ఇంత దూరానికి పూనుకొనేవారు ఉన్నారు. గుండెజబ్బును దాచిపెట్టి బయలుదేరేవారూ ఉన్నారు. అరవై దాటినవారు, మధుమేహం, అధిక రక్తపోటు, ఉబ్బసం వంటి వ్యాధులున్నవారు కాలినడకన రావడం మంచిది కాదని తిరుమల తిరుపతి దేవస్థానం 2024లో సూచించింది. అరవై దాటిన నాకూ ఆ మాట వర్తిస్తుంది.

మా మామిడి మండీలో మూటలు మోసే ఒక భక్తుడు, బిడ్డ జబ్బు నయమైతే నడిచి కొండ ఎక్కుతానని మొక్కుకొన్నాడు. బిడ్డ కోలుకొన్నది. కానీ వైద్యుడు పరీక్షించి, గుండె బలహీనంగా ఉన్నది, మెట్లు ఎక్కవద్దన్నాడు. అతడు గుడికి వచ్చి కన్నీరు పెట్టుకొన్నాడు.

“సామీ, మొక్కు తప్పితే నా బిడ్డకు ఏమన్నా అవుతాదేమో?”

“నాయనా, బిడ్డను బ్రతికించిన స్వామి ఆ బిడ్డకు తండ్రి లేకుండా చేసుకొమ్మని అడుగుతాడా? నీ మొక్కులో ఉన్నది కృతజ్ఞత. అది కాళ్లతోనే తీరాలన్న నియమం లేదు.”

ఉపవాస విధుల్లోనే రోగులకూ వృద్ధులకూ శాస్త్రం సడలింపు ఇచ్చింది. శక్తికొలది చేయమన్నదే కాని, శక్తిని మించి చేయమనలేదు. అతడు వైద్యుని అనుమతితో మూడు నెలలు ప్రతి ఉదయం గోవిందనామం చెప్పుకొంటూ మెల్లగా నడిచాడు. తరువాత భార్యాబిడ్డలతో బస్సులో కొండకు వెళ్లి, మాడవీధుల్లో ప్రదక్షిణం చేసి, దర్శనం చేసుకొని వచ్చాడు. ఆ మొక్కు సంపూర్ణంగా చెల్లినట్లే.

కనుక పాఠకులారా, మీరు పరుగెత్తదలచినా, నడవదలచినా, ముందుగా వైద్యుని సలహా పొందండి. లారీలు దూసుకువచ్చే మొగిలి ఘాటు వంటి దారులు వదలి, ఊరిబాటలను ఎంచుకోండి. మన చిత్తూరు ఎండలకు ముందే, తెల్లవారుజామున బయలుదేరండి. దప్పిక అయినప్పుడు నీరు, ఉప్పు వేసిన మజ్జిగ తీసుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం కలిగితే వెంటనే ఆగిపోండి. ఆగడం అపజయం కాదు, అదీ వివేకమే. అడుగుకొక నామం జపిస్తే ఊపిరి లయబద్ధమవుతుంది, మనస్సు నిలకడ పొందుతుంది.

దేహం అనిత్యమే. అయినా అది స్వామి మనకు కొంతకాలానికి అప్పగించిన ఆలయం. ఆలయాన్ని ప్రతి ఉదయం ఊడ్చి, దీపం వెలిగించే అర్చకుని శ్రద్ధతో దేహాన్ని కాపాడుకొనేవానికి పరుగు కూడా కైంకర్యమే అవుతుంది. మీ అడుగులు క్షేమంగా సాగాలని, క్షేమంగా ఇల్లు చేరాలని శ్రీనివాసుని ప్రార్థిస్తున్నాను.