కొట్టంలో పాత సైకిలా? రంగు వేయకండి, ముందు చదవండి!

ఇబ్రహీంపట్నం: మెట్‌పల్లి బజారుకు, కోరుట్ల దవాఖానకు, గోదావరి ఒడ్డున ఎర్దండికి తరాల తరబడి మనుషులను, మూటలను మోసిన నల్ల సైకిళ్లు ఇవాళ కొట్టాల్లో, గడ్డివాముల చాటున, తొట్ల పక్కన తుప్పు పడుతున్నాయి. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన పైసలతో ఇంటికి మోటారు సైకిల్ వచ్చిన నాడే దీని పని అయిపోయింది. పాత ఇనుము కొనేవాడు వస్తే త్రాసు కొక్కేనికి తగిలిస్తారు. ఇంచుమించు 20 కిలోల బరువు. చేతికి వచ్చేది నాలుగు రోజుల కూరగాయల ఖర్చు. అది హంబరో, హెర్క్యులసో, ఇంగ్లండులో పుట్టిందో, అసన్సోల్‌లో పుట్టిందో అడిగేవారు లేరు.

అయితే కొందరు కుర్రవాళ్లకు ఈ సైకిళ్ల మీద ఇప్పుడు మనసు మళ్లుతోంది. ఎవరో ముసలాయన "తీస్కపో బిడ్డా, ఊకె అడ్డముంది" అని ఉచితంగా ఇచ్చేశాడనుకుందాం. ఉచితమే గదా అని ఆ క్షణమే నెత్తికెత్తుకోవడం మంచిది కాదు. సైకిల్ కొన్న తండ్రి లేకపోతే అది వారసులందరిదీ. ఒకరు ఇచ్చి, ఇంకొకరు "మా నాయన సైకిల్ ఏది?" అని గడప ఎక్కితే మాటలు పెరుగుతాయి. అందరినీ అడిగి, ఫ్రేము నంబరు రాసుకుని, ఇచ్చినవారి చేత ఒక కాగితం ముక్క మీద సంతకం చేయించుకుంటే ఏ తగాదా ఉండదు. తోవలో దిక్కులేక పడి ఉన్న సైకిల్ సంగతి వేరు. అది దొరికింది కాదు, ఎవరో పోగొట్టుకున్నది. ముందు పంచాయతీలోనో, పోలీసు స్టేషన్‌లోనో చెప్పాలి.

ఇంటికి తెచ్చిన మర్నాడే చాలామంది చేసే పని ఒకటుంది. గరుకు కాగితం పెట్టి గీకి, నల్ల ఎనామెల్ డబ్బా కొని పూసేస్తారు. సైకిల్ కొత్త పెళ్లికొడుకులా మెరుస్తుంది గాని దాని పేరు, ఊరు, వయసు అన్నీ ఆ గీకుడులోనే పోతాయి. గొట్టాల మీది బంగారు గీతలు, కంపెనీ పేరు, చిన్న బొమ్మ, అన్నీ పలుచని అంటింపులే. ఒకసారి పోతే మళ్లీ రావు. కనుక మొదటి రోజు కావలసింది మెత్తని గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు మాత్రమే. దుమ్ము, ఎండిన పేడ, గట్టిపడిన నూనె మెల్లగా తుడుస్తూ పోతే సైకిల్ తన సంగతి తానే చెబుతుంది.

ముందు చూడవలసింది హ్యాండిల్ కింద, ముందు గొట్టం మీది బిళ్ల. బిళ్ల ఊడిపోయి రెండు రంధ్రాలే మిగిలితే చైను తిరిగే పెద్ద పళ్ల చక్రం వంక చూడాలి. ఆ రోజుల్లో కంపెనీలు తమ గుర్తును ఆ ఇనుములోనే కోసి పెట్టేవి. కొంగ తలలు కనిపిస్తే ర్యాలీ. మన పెద్దలు రాలే సైకిల్ అనేది దీన్నే. చేయీ చేయీ కలిపినట్టు చుట్టూ మనుషుల బొమ్మలుంటే హంబర్. అరచేయి ఉంటే రడ్జ్. మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తు బి.ఎస్.ఎ.ది. ఆ కంపెనీ పుట్టింది బర్మింగ్‌హామ్‌లో తుపాకుల తయారీకే, సైకిళ్లు తరువాత వచ్చాయి. హంబర్‌లో ఇంకో విశేషం ఉంది. కొన్ని రకాలకు ముందు ఫోర్కు ఒక్కో వైపు ఒక గొట్టం కాక జంట గొట్టాలతో ఉంటుంది. అలాంటిది దొరికితే ఊళ్లో నలుగురికీ చూపించవచ్చు. కాని పళ్ల చక్రం ఒక్కదాన్నే నమ్మి పేరు పెట్టేయరాదు. నలభై ఏళ్లలో ఏ మిస్త్రీ ఏ సైకిల్‌ది ఊడదీసి దేనికి బిగించాడో చెప్పలేం. బిళ్ల, చక్రం, సీటు, మడ్‌గార్డు మీది గుర్తు కనీసం రెండు మూడు ఒకే మాట చెబితేనే నమ్మాలి.

"మా తాత ఇంగ్లీషు సైకిల్ కొన్నాడు" అని చెప్పుకునే ఇళ్లు ఎన్నో. పేరు ఇంగ్లీషుదే, సైకిల్ మాత్రం చాలాసార్లు మన దేశంలో చేసినదే. ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మురుగప్ప వారు 1949లో మద్రాసు పక్క అంబత్తూరులో కంపెనీ పెట్టారు. హెర్క్యులస్ అక్కడినుంచే వచ్చింది. ఆ తరువాత ఫిలిప్స్, బి.ఎస్.ఎ. పేర్లు కూడా ఆ గూటికే చేరాయి. ర్యాలీ వారు సేన్ గారి కంపెనీతో కలిసి బెంగాల్‌లోని అసన్సోల్ దగ్గర సేన్-ర్యాలీ పెట్టారు. ర్యాలీ, హంబర్, రడ్జ్ పేర్లతో అక్కడ సైకిళ్లు తయారయ్యాయి. ఇక సోనీపట్ నుంచి అట్లాస్, లూధియానా నుంచి ఏవన్, 1956 నుంచి హీరో. తమాషా ఏమిటంటే ఇంగ్లండులో ర్యాలీ కంపెనీ 1932లో హంబర్‌ను, 1943లో రడ్జ్‌ను, 1957లో బి.ఎస్.ఎ. సైకిళ్లను కొనేసింది. 1960లో తానే వెళ్లి హెర్క్యులస్, ఫిలిప్స్ యజమానులైన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసింది. అక్కడ అందరూ ఒక ఇంటివారయ్యారు. ఇక్కడ మాత్రం ర్యాలీ గొప్పదా, హెర్క్యులస్ గొప్పదా అని పోటీ సాగుతూనే ఉంది.

"మేడ్ ఇన్ ఇంగ్లండ్" అన్న అక్షరాలు ఒక్క బెల్లు మీదే ఉంటే అది బెల్లు సంగతి, సైకిల్ సంగతి కాదు. బిళ్ల మీద, ఫ్రేము మీద ఏముందో చూడాలి. అసన్సోల్ అని ఉంటే చిన్నబోనక్కర లేదు. ఈ మట్టి బాటల మీద, ఈ బరువుల కింద అరవై ఏళ్లు నిలిచిన బండికి ఇంగ్లండు యోగ్యతాపత్రం అవసరమా?

వయసు తేల్చడం ఇంకొంచెం కష్టం. ఫ్రేము నంబరు సీటు కింది కూడలి మీదో, గొట్టం మీదో, పెడల్ ఇరుసు గూటి అడుగునో గుద్ది ఉంటుంది. మట్టి గీకితే కనబడుతుంది. వెనుక చక్రంలో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు ఉంటే అదృష్టం పండినట్టే. ఆ హబ్బు మీద ఏడు, నెల అంకెలు గుద్ది ఉంటాయి. 56, దాని పక్కన 9 ఉంటే 1956 సెప్టెంబరు అన్నమాట. అది హబ్బు పుట్టిన తేదీ మాత్రమే. చక్రం మార్చి ఉంటే ఫ్రేము వయసు వేరు కావచ్చు. పుల్లలు లెక్కపెట్టండి. ముందు 32, వెనుక 40 ఉంటే పాత ఇంగ్లీషు పద్ధతి. మన దేశపు నల్ల సైకిళ్లు కూడా దాన్నే అనుసరించాయి. ఒకప్పుడు సైకిళ్లకు పన్ను వసూలు చేసి లోహపు బిళ్ల ఇచ్చే ఆచారం ఉండేది. అలాంటిది ఫోర్కుకో, ఇరుసుకో వేలాడుతుంటే పారేయవద్దు. అది ఏ ఊరిదో, ఏ ఏటిదో దాని మీదే రాసి ఉంటుంది.

వంపు హ్యాండిల్ పందెం సైకిల్ ఈ పక్క దొరకడం అరుదు. దొరికితే సీటు గొట్టం మీద "రేనాల్డ్స్ 531" అన్న చీటీ ఉందేమో చూడండి. 1935లో వచ్చిన ఆ ఉక్కు గొట్టాలు పలుచన, తేలిక. వాటి మీద వెల్డింగ్ నిప్పు పడనీయరాదు.

పేరు తేలింది. ఇక బండి తొక్కడానికి పనికొస్తుందా? ఇక్కడ మొహమాటం కూడదు. హ్యాండిల్ కింద రెండు గొట్టాలు కలిసే చోట అడుగున రంగు ముడతలు పడి ఉంటే ఆ బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుంది. ఫోర్కు వెనక్కి వంగి ఉంటే కూడా అంతే. ఫోర్కు పైభాగంలో, పెడల్ గూటి దగ్గర జుట్టంత చీలిక ఉన్నా దాన్ని గోడకు తగిలించుకోవచ్చు గాని రోడ్డెక్కరాదు. ఈ ఫ్రేములు ఇత్తడి కరిగించి అతికినవి. చీలిక చోట కరెంటు వెల్డింగ్ పెట్టిస్తే దాని పక్కన ఉక్కు పెళుసెక్కి మళ్లీ అక్కడే విరుగుతుంది. గ్యాసు మంట మీద ఇత్తడి కడ్డీతో అతికే చేయి తిరిగిన మిస్త్రీ ఉంటేనే ఆ పని చేయించాలి.

విప్పే పని తొందరతో కాదు. పెడల్ కొమ్ములను ఇరుసుకు పట్టి ఉంచేది కాటర్ పిన్ను. సుత్తితో నేరుగా కొడితే దాని మర చదునై అక్కడే ఉండిపోతుంది. రెండు రోజుల ముందు కిరోసిన్ గాని డీజిల్ గాని పోసి నాననివ్వాలి. నట్టు కాస్త వదులు చేసి అలాగే ఉంచి, కొమ్ము కింద గట్టి కర్ర దుంగ ఆసరా పెట్టి ఒకే దెబ్బ వేయాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని అందరికీ తెలిసిందే. పెడల్ ఇరుసు గూటిలో చైను వైపు కప్పు మర కూడా తిరగేసినదే. అది తెలియక బలం పెట్టినవారు కప్పును ఇంకా బిగించేశారు. ర్యాలీ ఫ్రేము అయితే ఇంకో జాగ్రత్త. అన్ని కంపెనీల గూటి మర అంగుళానికి 24 చుట్లు, ర్యాలీ తన సొంత బండ్లకు 26 చుట్లు పెట్టింది. హెర్క్యులస్ కప్పు తెచ్చి దానిలో బలవంతంగా తిప్పితే గూడు పాడవుతుంది. పాత కప్పు గీతలు పడకుండా ఉంటే దాన్నే శుభ్రం చేసి, కొత్త పావు అంగుళం గుండ్లు, కొత్త గ్రీజు వేస్తే చాలు. వెనుక చక్రం పుల్లలు మార్చాలనుకుంటే ముందే ఫ్రీవీలు విప్పించండి. పుల్లలు కోసేశాక దాన్ని విప్పడం గగనం.

తుప్పు చూసి బెదరవద్దు. మెరుగు పోని రిమ్మును, హ్యాండిల్‌ను పొట్లాల వెండి కాగితం నీళ్లలో తడిపి రుద్దితే పైపై తుప్పు వదిలిపోతుంది. రంగు లేని ఇత్తడి బిళ్లకు ఇంట్లో చెంబులు తోమే చింతపండే మందు. రంగులు నింపిన బిళ్ల మీద మాత్రం చింతపండు వద్దు. రంగు ఉన్న ఫ్రేము మీద పులుపు, ఆమ్లం పడనీయవద్దు. రంగు ఊడి తుప్పు కనబడే చోట్ల మాత్రమే గీకి, ఆ మచ్చకే కొత్త రంగు పెట్టి, మిగిలింది మైనంతో తుడిచి వదిలేయడం మేలు. పాతది పాతగా కనిపించడంలో సిగ్గుపడేదేముంది?

తోలు సీటు ఉంటే, అందులోనూ బ్రూక్స్ అన్న బిళ్ల ఉంటే, దాన్ని ఆముదంలో నానబెట్టే పని చేయకండి. నూనె ఎక్కువైన తోలు సాగి ఉయ్యాలలా కుంగిపోతుంది. ముందు హబ్బులోనే కరెంటు పుట్టించే డైనోహబ్ ఉంటే లోపలి అయస్కాంతాన్ని ఊరికే బయటికి లాగవద్దు, దాని శక్తి తగ్గిపోతుంది. తెలిసినవారు వచ్చేదాకా అలాగే ఉంచండి.

టైర్ల విషయంలో ఈ సైకిళ్లది అదృష్టమే. 28 అంగుళాల మీద ఒకటిన్నర కొలత టైర్లు, ట్యూబులు, కాటర్ పిన్నులు, బ్రేకు రబ్బర్లు మన దేశంలో ఇంకా తయారవుతున్నాయి. ఇతర దేశాలలో వీటి కోసం వెతుకులాడే వారున్నారు. చైను సాగిందా లేదా తెలియాలంటే స్కేలు పెట్టి 24 లింకులు కొలవండి. 12 అంగుళాలు దాటి ఒక గీత, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువ వస్తే కొత్త చైను వేయాలి. లేకుంటే పళ్ల చక్రాన్ని కూడా తినేస్తుంది. ఆ చక్రమే గదా బండికి పేరు చెప్పేది!

ఇంత చేస్తే ఎంత ఖర్చు? టైర్లు, ట్యూబులు, చైను, గుండ్లు, పిన్నులు, మిస్త్రీ కూలి అన్నీ కలిపితే ఉచితంగా వచ్చిన సైకిల్ ఉచితం కాకుండా పోతుంది. లక్షలు పలుకుతుందన్న మాటలు విని చేయి పెట్టినవారికి నిరాశే. లక్షల్లో తయారైన నల్ల సైకిల్‌కు అంత ధర రాదు. పూణేలో విక్రమ్ పెండ్సే అనే ఆయన పాత సైకిళ్లను సేకరించి, బాగుచేసి ఏకంగా ప్రదర్శనశాలే పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ సైనికుల కోసం బి.ఎస్.ఎ. చేసిన మడత సైకిల్ కూడా అందులో ఉంది. అమ్ముకునే ఆశతో అలాంటి పని సాగదు. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజే కావడం విచిత్రం. ఆ పేరున్న బండి ఏ కొట్టంలో ఉన్నా దాని తోబుట్టువులు అక్కడినుంచి ఇక రావు.

బాగుపడిన బండిని నేరుగా జాతీయ రహదారి ఎక్కించవద్దు. ఈ సైకిళ్లకు కడ్డీ బ్రేకులు. వానలో రిమ్ము తడిస్తే మామూలు కన్నా చాలా దూరం పోయి గాని ఆగవు. మొదట ఊరి బాట మీద, కాలువ గట్టు మీద బరువు లేకుండా తొక్కి, నీళ్లు చల్లి బ్రేకు పట్టి చూసుకోవాలి. వెనుక ఎర్ర రిఫ్లెక్టరు తప్పనిసరి. లారీ డ్రైవరుకు చీకట్లో నల్ల సైకిల్ కనబడదు. కైంచీ తొక్కే పిల్లలకు ఇచ్చే ముందు చైను కవరు బిగించండి, లుంగీలు, లంగాలు చిక్కుకునేది అక్కడే. కొత్తగా బిగించిన కాటర్ పిన్నులు మొదటి యాభై కిలోమీటర్లలో వదులవుతాయి. వదులైన పిన్నుతో తొక్కితే దానితోపాటు ఇరుసు కూడా అరుగుతుంది. కనుక మొదటి వారం రోజూ సాయంత్రం పానా పట్టుకుని ఒకసారి చూసుకోవాలి.