నలుగురూ ఆగి చదివితేనే గోడపత్రిక

గ్రామ పంచాయతీ కార్యాలయం గోడకు ఒక బోర్డు, దానిపై ఎండకు వెలిసిపోయిన కాగితం. ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. అందులో ఏముందో చదివిన వారు అరుదు. చాలా గ్రామాల్లో కనిపించే దృశ్యమే ఇది. యువజన సంఘాలు, మహిళా సంఘాలు, గ్రంథాలయ పాఠకులు ఉత్సాహంగా ప్రారంభించే గోడపత్రికలకూ కొద్ది నెలల్లోనే ఇదే గతి పడుతోంది. రాసేవారు ఉన్నా చదివేవారు కరవవుతున్నారు. లోపం పాఠకులలో ఉందనుకోవడం తేలికే. అయితే రాసిన తీరును, అతికించిన చోటును ఒకసారి పరిశీలిస్తే అసలు కారణాలు బయటపడతాయి.

చదవకపోతే నష్టమేమిటి?

బోర్డుపై కాగితం చదవకపోవడం కొన్నిసార్లు హక్కునే పోగొడుతుంది. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను రెండు దినపత్రికల్లో ప్రచురించడంతో పాటు పంచాయతీలో స్థానిక భాషలో ప్రకటించాలి. అది వెలువడిన నాటి నుంచి 60 రోజుల్లోగా అభ్యంతరాలు తెలపాలి. ప్రకటన గోడపై ఉండి కూడా రైతు కంట పడకపోతే ఆ గడువు కాస్తా గడిచిపోతుంది.

2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ అవసరాన్ని గుర్తించింది. ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తాముగా వెల్లడించవలసిన సమాచారాన్ని స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో ప్రజలకు సులువుగా చేరే పద్ధతిలో అందించాలని 4వ సెక్షన్ నిర్దేశిస్తోంది. అందుకు పేర్కొన్న సాధనాల్లో నోటీసు బోర్డు కూడా ఒకటి. సమాచారం పెట్టడంతో పని పూర్తికాదని, అది జనానికి చేరాలని దీని ఉద్దేశం. గ్రామస్థులు స్వయంగా నడుపుకొనే గోడపత్రికకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

జనం ఉన్న చోటికే అక్షరం

పాఠకుడు రావాలని ఎదురుచూడకుండా పాఠకుడి వద్దకే వెళ్లడం తెలుగునాట కొత్తేమీ కాదు. 1914లో విజయవాడలో జరిగిన తొలి గ్రంథాలయ మహాసభతో ఊపందుకున్న గ్రంథాలయోద్యమం ఇందుకు దారి చూపింది. అయ్యంకి వెంకట రమణయ్య వంటి వారు ఊరూరా గ్రంథాలయాల స్థాపనకు పాటుపడ్డారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో రాకపోకలకు కాలువే ప్రధాన మార్గం. పడవలో కూర్చున్న ప్రయాణికుడికి తీరిక ఉంటుంది, చేతికి పుస్తకం అందితే చదువుతాడు. ఒడ్డున ఉన్న గ్రామాలకూ పుస్తకాలు చేరాయి. తీరిక, చేరువ అనే రెండింటినీ కలిపిన ఆలోచన అది.

గోడపత్రికకూ చోటు ఎంపికే మొదటి మెట్టు. పంచాయతీ కార్యాలయానికి పని ఉన్నవారే వెళతారు. పాల సేకరణ కేంద్రం, చౌకధరల దుకాణం, బస్సు ఆగే చోటు, రచ్చబండ వద్ద మాత్రం జనం కొంతసేపు వేచి ఉంటారు. వరుసలో నిలబడిన వారి కంటికి ఎదురుగా బోర్డు ఉంటే చదవమని ఎవరూ చెప్పనవసరం లేదు. మహిళలు వెళ్లడానికి సంకోచించే చోట బోర్డు పెడితే సగం మంది పాఠకులను ముందే వదులుకున్నట్లు. వాన పడని, ఎండ నేరుగా తగలని చూరు కింద, నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తున అమర్చడం మేలు.

పది అడుగుల దూరం నుంచి కనిపించాలంటే శీర్షికలో అక్షరం కనీసం అంగుళం ఎత్తు ఉండాలి. తెలుగు అక్షరానికి పైన గుణింతం, కింద ఒత్తు ఉంటాయి కనుక వరుసల మధ్య చోటు ఎక్కువగా వదలాలి. తెల్ల కాగితంపై నలుపు లేదా ముదురు నీలం సిరా కంటికి ఆనుతుంది. పసుపు, లేత ఆకుపచ్చ రంగులతో రాస్తే దూరానికి కనబడదు.

శీర్షికలోనే విషయం

'గ్రామసభ నిర్వహణ గురించి ప్రకటన' అని రాస్తే అది ఎవరికి ఉద్దేశించిందో తెలియదు. 'పింఛను రాని వారు శుక్రవారం ఉదయం 10 గంటలకు పంచాయతీ కార్యాలయానికి రావాలి' అని రాస్తే సంబంధించిన వారు ఆగి చదువుతారు. సంబంధం లేని వారు సైతం పక్కింటి వృద్ధురాలికి ఆ మాట చేరవేస్తారు. ఎవరికి, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అనే నాలుగు ప్రశ్నలకు మొదటి రెండు వాక్యాల్లోనే సమాధానం దొరకాలి. వివరాలు, నిబంధనలు ఆ తరువాత రావచ్చు. కార్యాలయ పరిభాషను యథాతథంగా దించకుండా ఊళ్లో వాడే మాట రాయాలి.

ఒక కాగితానికి ఒకే విషయం అన్నది మరో సూత్రం. విత్తనాల ధర, వైద్య శిబిరం, పాఠశాల ప్రవేశాలు ఒకే తావులో కుక్కితే ఏదీ గుర్తుండదు.

తమ ఊరి మాటకే ఆదరణ

పాఠకుడిని కదిలించేది తన బతుకుకు సంబంధించిన సంగతి. నెల్లూరు జిల్లా ఉదంతమే ఇందుకు సాక్ష్యం. 1990ల ఆరంభంలో అక్కడ సాగిన సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో మహిళలు చదివిన పాఠాలు కూలి, సారా, కుటుంబ కష్టాలు వంటి వారి సొంత సమస్యలే. దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించిన సంఘటన తరువాత వాచకంలో పాఠమైంది. అది చదివిన ఇతర గ్రామాల మహిళలు తమ ఊళ్లోనూ అలా ఎందుకు చేయకూడదని ప్రశ్నించుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న వారు సైతం తమ గురించి రాసిన దానిని వదలకుండా చదివారు.

అందువల్ల గోడపత్రికలో దేశ విదేశాల విశేషాల కన్నా ఊరి చెరువు నీటిమట్టం, మార్కెట్ యార్డులో ధర, పశువైద్యుడు వచ్చే రోజు, పదో తరగతిలో ఉత్తీర్ణులైన పిల్లల పేర్లు ముందుండాలి. అయితే పేరు రాసినప్పుడు తప్పు దొర్లకూడదు. రుణ బకాయి, అనారోగ్యం, కుటుంబ తగాదా వంటి సంగతులు గోడకెక్కితే మనుషులు నొచ్చుకుంటారు, పత్రికపై నమ్మకమూ పోతుంది.

తేదీ తప్పనిసరి

ప్రతి కాగితంపై రాసిన తేదీ, తొలగించే తేదీ, రాసిన సంఘం పేరు ఉండాలి. గడువు తీరినది అదే రోజు తీసివేయాలి. పాతవి పేరుకుపోతే కొత్తది వచ్చినా ఎవరూ గమనించరు. వారంలో ఒక రోజు నిర్ణయించుకుని ఆ రోజే మార్చడం వల్ల చదివే అలవాటు ఏర్పడుతుంది. సంత జరిగే రోజైతే పొరుగూరి వారూ చూస్తారు. పొరపాటు దొర్లితే మరుసటి కాగితంలో సవరణ ప్రకటించాలి.

చదవలేని వారి మాటేమిటి?

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 67 శాతం. అంటే ఏడేళ్లు పైబడిన ప్రతి ముగ్గురిలో ఒకరికి నాడు చదవడం, రాయడం రాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పథకం సామాజిక తనిఖీల్లో పనుల వివరాలను ప్రజల సమక్షంలో పైకి చదివి వినిపించడానికి ఇదీ ఒక కారణమే. తన పేరున ఎన్ని రోజుల పని నమోదైందో చెవిన పడినప్పుడు కూలీ లేచి నిలదీయగలిగాడు.

గోడపత్రిక మార్చిన రోజు సాయంత్రం బడి పిల్లల చేత ఒకసారి పైకి చదివిస్తే పెద్దలకు విషయం చేరుతుంది, పిల్లలకు చదువు సాధన అవుతుంది. కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పంపితే వలస వెళ్లిన వారికీ ఊరి కబురు అందుతుంది. పత్రిక పక్కనే ఒక పెట్టె ఉంచి ఏ సంగతులు కావాలో రాసి వేయమని కోరవచ్చు. అడిగిన ప్రశ్నకు మరుసటి వారం సమాధానం కనిపిస్తే అడిగిన వారు తప్పక వచ్చి చదువుతారు, మరో ఇద్దరిని వెంట తీసుకువస్తారు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. గోడపత్రిక ప్రారంభించదలచిన సంఘాలకు అది అనువైన సమయం. ఒక అట్ట, నాలుగు పిన్నులు, వారానికో గంట సమయం కేటాయించే ఇద్దరు మనుషులు ఉంటే పని మొదలుపెట్టవచ్చు.