పగిలిన కారు ప్యానెల్‌ను అతికించే ముందు అది ఏ ప్లాస్టిక్కో తెలుసుకోవాలి

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): రైలు పెట్టెలను విప్పి, అరిగిన భాగాలను సరిచేసి, తిరిగి పట్టాలెక్కించే పనితో ఎదిగిన పట్టణం ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వెలసిన వర్క్‌షాప్‌లో ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు మథురాకాటి వంటి ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. పాడైనదాన్ని పారేయకుండా బాగుచేసే ఆ పద్ధతి పాత కార్ల యజమానులకూ ఉపయోగపడుతుంది.

ఇంజిన్ సక్రమంగా పనిచేస్తున్నా తలుపు లోపలి ప్యానెల్, డాష్‌బోర్డు అంచు, డిక్కీ లోపలి తొడుగు చిట్లిపోవడం పాత కార్లలో తరచూ కనిపించే సమస్య. మారుతీ 800, ఇదే రాష్ట్రంలోని ఉత్తర్‌పాడాలో రూపొందిన అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయింది. ఇలాంటి మోడళ్లకు ఫిల్టర్లు, బ్రేకు భాగాలు దొరికినంత సులభంగా లోపలి ప్యానెళ్లు దొరకవు. దొరికినా రంగు కలవకపోవచ్చు. కనుక మరమ్మతే మిగిలే మార్గం.

ఎందుకు పగులుతాయి?

ఎండలో నిలిపిన కారు లోపలి భాగాలు బయటి గాలి కంటే ఎంతో ఎక్కువగా వేడెక్కుతాయి. ఏళ్ల తరబడి ఆ వేడి, అతినీలలోహిత కిరణాలు తగలడం వల్ల ప్లాస్టిక్ సాగే గుణాన్ని కోల్పోయి పెళుసెక్కుతుంది. స్క్రూ బిగించిన చోట, క్లిప్పు పట్టుకున్న చోట ఒత్తిడి ఎక్కువ కాబట్టి పగులు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. ప్యానెల్‌ను బలంగా లాగి ఊడదీయడం మరో కారణం.

ఏ ప్లాస్టిక్ అన్నదే కీలకం

కారు లోపలి ప్యానెళ్లలో ఎక్కువగా వాడేవి ఏబీఎస్, పాలీప్రొపిలీన్. చాలా ప్యానెళ్ల వెనుక ఆ పేరు అచ్చుగుద్ది ఉంటుంది. పాలీప్రొపిలీన్‌ను ‘పీపీ’ అని సూచిస్తారు. గుర్తు లేకపోతే వెనుక వైపు కనిపించని చోట ఒక చుక్క అసిటోన్ వేసి చూడవచ్చు. ఏబీఎస్ అయితే జిగటగా మారుతుంది. పాలీప్రొపిలీన్‌పై దాదాపు ప్రభావం ఉండదు.

మరమ్మతు పద్ధతి ఈ తేడాపైనే ఆధారపడుతుంది. ఏబీఎస్ ముక్కలను అసిటోన్‌లో కరిగించి చేసిన ముద్దను పగులులో నింపితే, అసిటోన్ ఆవిరయ్యాక రెండు అంచులూ కలిసిపోతాయి. పాలీప్రొపిలీన్‌కు మామూలు జిగురు అంటదు. దానికి అదే రకం ప్లాస్టిక్ కడ్డీని వేడితో కరిగించి వెల్డింగ్ చేయాలి. తొందరలో వేసే సూపర్ గ్లూ గట్టిపడ్డాక పెళుసుగా ఉండి, కారు కుదుపులకు మళ్లీ విడిపోయే అవకాశం ఎక్కువ.

పని క్రమం

ప్యానెల్‌ను ఎండలో కాసేపు ఉంచి మెత్తబడ్డాక, ప్లాస్టిక్ పనిముట్టుతో క్లిప్పులను ఒక్కొక్కటిగా వదులు చేయాలి. సబ్బు నీటితో కడిగి, జిడ్డు పూర్తిగా తొలగించాలి. పగులు ఇంకా పాకకుండా దాని చివర 2 నుంచి 3 మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి. వెనుక వైపు గరుకు కాగితంతో రుద్ది, సన్నని స్టీలు జాలీని కరిగిన ప్లాస్టిక్‌లో పొదిగితే అతుకుకు బలం వస్తుంది. ముందు వైపు చివర్లో నునుపు చేసి రంగు వేయాలి. పాలీప్రొపిలీన్‌పై రంగు నిలవాలంటే ముందుగా దానికి తగిన ప్రైమర్ పూయాలి.

అసిటోన్‌కు సులభంగా నిప్పంటుకుంటుంది. కరిగే ప్లాస్టిక్ నుంచి వచ్చే పొగ హానికరం. అందుకే గాలి ధారాళంగా ఆడే చోట, మంటకు దూరంగా పనిచేయాలి. అసిటోన్ వాడిన చోట అది పూర్తిగా ఆరే వరకు వేడి పనిముట్లు తేకూడదు.

ఎక్కడ ఆగాలి?

స్టీరింగ్ మధ్యలోని మూత, డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ ఉన్న భాగం, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌ను కప్పే స్తంభం తొడుగు ఇలా అతికించదగినవి కావు. ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగ్ సెకనులో ఇరవయ్యో వంతు కంటే తక్కువ వ్యవధిలో తెరుచుకుంటుంది. అది బయటకు రావడానికి మూత నిర్దేశించిన గీత వెంబడే చీలాలి. అక్కడ జిగురు, జాలీ అడ్డుపడితే ఎయిర్‌బ్యాగ్ సరిగా తెరుచుకోకపోవచ్చు, ముక్కలు ప్రయాణికుల ముఖాలపైకి ఎగరవచ్చు. అలాంటి భాగం పగిలితే ఎంత వెతకాల్సి వచ్చినా అసలు భాగాన్నే తెప్పించి, శిక్షణ ఉన్న మెకానిక్‌తో బిగించుకోవాలి. మిగిలిన ప్యానెళ్లకు మాత్రం కాస్త ఓపిక, సరైన ప్లాస్టిక్ కడ్డీ ఉంటే చాలు.