మీకు తెలుసా? జొన్నతో పండగ బీరు

నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని ఇళ్లలో జొన్న అంటే రొట్టె. ఆ గింజ పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడ చాలా ఊళ్లలో జొన్న బీరు లేనిదే పెళ్లి జరగదు.

దక్షిణాఫ్రికాలో దాని పేరు ఉంకొంబోతి. జొన్నలు నానబోసి, మొలక రాగానే ఎండబెట్టి పిండి చేస్తారు. దానికి మొక్కజొన్న పిండి కలిపి, కాచి, పులియబెడతారు. చిక్కగా, పుల్లగా, నురగతో ఉండే ఈ పానీయాన్ని పెళ్లిళ్లలో, పితృదేవతల పూజల్లో ఒకే కుండ చేతులు మార్చుకుంటూ తాగుతారు. రెండు మూడు రోజుల్లో పాడవుతుంది కాబట్టి ఎప్పటికప్పుడు కాచుకోవాల్సిందే. బుర్కినా ఫాసోలో ఇలాంటి జొన్న బీరునే డోలో అంటారు. కాచేది ఆడవాళ్లే.

1988లో నైజీరియా బీరుకు వాడే బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) దిగుమతిని నిషేధించింది. దాంతో పెద్ద పెద్ద బీరు కంపెనీలూ జొన్న బాట పట్టాయి. జొన్నలో గ్లూటెన్ లేదు. గోధుమ, బార్లీ పడనివాళ్ల కోసం నేడు అనేక దేశాల్లో జొన్న బీరు తయారవుతోంది.

బీరు కాచడానికి ఒకప్పుడు కాలం కూడా ఉండేది. జర్మనీలోని బవేరియాలో 1553 నుంచి ఏటా ఏప్రిల్ 23 మొదలు సెప్టెంబర్ 29 దాకా బీరు కాచడం నిషిద్ధమైంది. ఎండలకు బీరు చెడిపోవడం ఒక కారణం. అందుకే మార్చిలో ఘాటుగా కాచి, చల్లని నేలమాళిగల్లో దాచేవారు. ఆ 'మార్చి బీరే' తర్వాత అక్టోబర్‌ఫెస్ట్ పండగ పానీయంగా పేరు తెచ్చుకుంది.

మన కల్లుకూ కాలముంది: చలికాలం ఈతకల్లుది, ఎండాకాలం తాటికల్లుది.